ముట్టి చూడని చెయ్యి

నిన్న ఆపరేషన్‌కు ముందు ఒక నర్సమ్మాయి నా కుడి చెయ్యి అందుకుంది. "పిడికిలి గట్టిగా బిగించండి అమ్మమ్మా" అంది. మణికట్టుకు రెండు పక్కలా తన బొటనవేళ్ళతో నొక్కిపట్టి, ఇక విప్పమంది. అరచెయ్యి సున్నం వేసినట్టు తెల్లబడింది. చిటికెనవేలి వైపు నొక్కు వదలగానే ఎరుపు మెల్లగా వేళ్ళలోకి పాకింది. "మంచిగుంది. ఆపరేషన్‌లో బీపీ చూసే గొట్టం ఈ చేతికే పెట్టొచ్చు" అంది. ఆ పిల్ల వేళ్ళ వెచ్చదనానికి గాజుల ఖాసింబీ గుర్తొచ్చింది. గుర్తు రావాలంటే ముందు మరిచిపోవాలి కదా. నేను మరవలేదు, తలుచుకునే ధైర్యం లేక ఊరుకున్నానంతే.

ఖాసింబీ మా దేవరకొండలో ఇల్లిల్లూ తిరిగి గాజులు తొడిగేది. ఎనిమిదేళ్ళప్పుడు నేను భయంతో చెయ్యి బిగబట్టుకుంటే పకపకా నవ్వి, "చెయ్యి నాకిచ్చి నువ్వు ముచ్చట్లు చెప్పు బిడ్డా, గాజు సంగతి నేను జూస్కుంట" అంది. అరచేతి ఎముకలను దగ్గరకు నొక్కి గాజు ఎక్కించేది. తర్వాత వెంటనే ఇంకోటి తీసేది కాదు. తెల్లబడిన చెయ్యి మళ్ళీ ఎర్రబడేదాకా చూస్తూ కూర్చునేది. "జర ఆగు. నెత్తురుకు తొవ్వ ఇయ్యాలె" అనేది. ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరు నీళ్ళోసుకున్నారో అత్తగార్ల కంటే ముందు ఆవిడకే తెలిసేది. చెయ్యి పట్టుకుంటే చాలు, ఆవిడ దగ్గర ఏదీ దాగేది కాదు.

నేను నర్సు చదువుకు పోతానన్నప్పుడు మా బాపు ససేమిరా అన్నాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళందరినీ ముట్టుకోవాలట, అదేం ఉద్యోగమని ఆయన బాధ. అమ్మకు గాజులు తొడుగుతున్న ఖాసింబీ తలెత్తి, "ఊరందరి చేతులు నేను ముడుత పటేలా. నాకేమైంది? ఒకరన్న ముట్టి చూడకపోతె రోగమున్నోళ్ళ గతేంది?" అని అడిగింది.  ఆ వారమే బాపు నా దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. నేను తిన్న ప్రతి ముద్దలో ఆవిడ మాట ఉంది.

నేను పనిచేసిన దవాఖాన పేరు రాయను, తప్పు దానిది కాదు. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో ఒక పగటిపూట ఖాసింబీని మంచం మీదే మోసుకొచ్చారు. కాన్పు తర్వాత రక్తం ధారగా పోయింది. నరాలన్నీ అణిగిపోయి సూదికి ఒక్కటీ దొరకలేదు. డాక్టరు గారు మణికట్టు దగ్గర కోసి, ధమనిలోకి సన్నని గొట్టం దించి, దాని గుండా రక్తం ఎక్కించాలనుకున్నారు. గాజులు పగలగొట్టమన్నారు. కళ్ళు తేలేస్తున్న మనిషి ఆ మాట వినగానే పెదవులు కదిపింది. "వద్దు బిడ్డా. నా పెనిమిటి బతికున్నడు."

నా మనసు కరిగిపోయింది. ఎనిమిది ఆకుపచ్చ గాజులను ముంజేతి పైకి బలంగా తోసి, జారకుండా పట్టీతో కట్టాను. డాక్టరు గారు హడావిడిలో ఒప్పుకున్నారు. రక్తం ఎక్కాక ఖాసింబీ ముఖంలోకి ప్రాణం తిరిగొచ్చింది. "చేతికి నెత్తురు పోయే రెండు దారుల్లో ఒకదాన్ని మనం మూసేశాం" అన్నారాయన నాతో. "గొట్టం తీసేదాకా గంటగంటకూ గోళ్ళు నొక్కి చూడు. చూసింది రాయి." ఆ పని నాకెవరూ కొత్తగా నేర్పక్కరలేదు, ఎనిమిదేళ్ళప్పుడే నేర్చుకున్నాను.

కానీ ఆ రోజే పెద్ద అధికారి తనిఖీ. మంచాల మీద ముడత కనబడకూడదని ఆజ్ఞ. నేను అందరితో పాటు ఖాసింబీకీ మెడదాకా దుప్పటి సర్ది, చెయ్యి కూడా కప్పేశాను. ఆవిడ పిలిచింది. "బిడ్డా, చెయ్యి సల్లగైతాంది. చీమలు పారినట్టున్నది. జర చూడరాదు?"

"అదంతా మామూలే. కదలకుండా పడుకో" అన్నాను, వాకిలి వైపు చూస్తూ. మూడు గంటల రాతా ఒకేసారి రాసేశాను. మూడుచోట్లా ఒకటే మాట: వేళ్ళు వెచ్చగా ఉన్నాయి.

అధికారి వెళ్ళాక దుప్పటి తీశాను. ముంజెయ్యి వాచిపోయి గాజులు కండలో దిగబడి ఉన్నాయి. వేళ్ళు మైనంలా పాలిపోయాయి. ఎంత నొక్కినా ఎరుపు రాలేదు. అప్పుడైనా కేక వేసి డాక్టరును పిలవాల్సింది. ముందు కత్తెర పిడితో గాజులన్నీ పగలగొట్టి, ముక్కలు జేబులో దాచుకుని, ఆ తర్వాత పిలిచాను. ఆయన బోసి చెయ్యి చూసి, గాజులు ఎప్పుడో తీసేశాననుకుని, గొట్టం వల్లే ధమని మూసుకుపోయిందనుకున్నారు. "నా చేతులారా చేశాను" అని తల పట్టుకున్నారు. నేను పక్కనే నిలబడి విన్నాను. సిగ్గులేని దాన్ని, నోరు విప్పలేదు.

ప్రాణం దక్కింది. కానీ కుడి బొటనవేలు మళ్ళీ వంగలేదు. మూడు వేళ్ళ కొసలకు స్పర్శ పోయింది, గాజుకూ దారానికీ తేడా తెలియనంతగా. ఊరందరి చేతులూ చదివిన చెయ్యది.

రెండేళ్ళకు నా పెళ్ళి కుదిరింది. గాజులకు అమ్మ ఖాసింబీనే పిలిచింది. ఖాసింబీ నా పక్కన కూర్చుని రంగులు ఏరుతుంటే, ఆవిడ పెద్దకూతురు నాకు తొడుగుతోంది. ఒక గాజు చిట్లింది. ఆ చప్పుడుకు నేను ఉలిక్కిపడ్డాను. ఖాసింబీ కూతురిని మంచినీళ్ళకని లోపలికి పంపింది. ఇద్దరమే మిగిలాం. ఇక దాచలేక గాజుల సంగతి, రాతల సంగతి, జేబులో ముక్కల సంగతి అంతా చెప్పేశాను.

"గాజు పల్గిన సప్పుడు నాకెరుక కాదా బిడ్డా?" అంది. "ఆనాడే ఇన్న."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"గాజులు ఉంచుమన్నది నేనే గదా. గది నా తప్పే." కాసేపు రంగులు ఏరింది. "గానీ సల్లగైతాందని చెప్తె ఒక్కపారి ముట్టి చూడకపోతివి. నిన్ను నర్సు చదువుకు పంపుమన్నది గందుకే గదా."

నేను కాళ్ళు పట్టుకోబోయాను. ఆవిడ ఆపి, ఆ కుడి చెయ్యి నా ఒడిలో పెట్టింది. "కాళ్ళెందుకు? ఇది ముట్టు." ముట్టాను. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, ఆ మూడు వేళ్ళు చల్లగా ఉన్నాయి. క్షమించానని ఆవిడ అనలేదు, అడిగే ముఖం నాకూ లేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాను. ముట్టి చూడకుండా ఒక్క అక్షరం రాయలేదు. శ్రద్ధగల నర్సని మెచ్చుకున్న వాళ్ళందరి ముందూ తల దించుకున్నాను. వినయం అనుకున్నారు.

నిన్న ఆపరేషన్ అయ్యాక ఆ నర్సమ్మాయి మళ్ళీ వచ్చింది. నేనేమీ అడగలేదు. తనంతట తనే దుప్పటి తీసి, గొట్టం ఉన్న చేతి వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసింది. నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"చెయ్యి నొప్పిగా ఉందా అమ్మమ్మా?"

"లేదు తల్లీ, వెచ్చగా ఉంది" అన్నాను.