ముందు పాత బొమ్మ చూడు

మాస్టారు పోయారన్న కబురు నాకు రేపల్లెలో అందింది. మా అక్కయ్య ఇంట్లో కాఫీ తాగుతున్నాను. కొన్ని నెలలుగా ఫోను మోగితే చాలు, ముందు గుండె జారేది, తర్వాత చెయ్యి కదిలేది. "పోయారు బాబూ" అని మాత్రం అన్నారు పిన్నిగారు, మాస్టారి భార్య. తెనాలి దాకా రైల్లో ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. మళ్ళీ మోగి, కాదులే అంటారేమోనని.

ఆయన బాపట్లలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఇది చదువుతున్న ఆయన పాత విద్యార్థులకి ఆయన క్లాసులో తెలుసు. నాకు వరండాలో తెలుసు. తెనాలిలో వాళ్ళింటి వెనక వాటాలో నేను అద్దెకుంటాను. అంగలకుదురు రైసుమిల్లులో రోజువారీ లెక్కలు రాస్తాను. బడిలో చదివింది పదో తరగతి వరకే. తర్వాత పుస్తకాలు పట్టుకుని నాకు నేనే చదువుకున్నాను. అర్థం కానప్పుడు వెళ్ళి ఆ వరండాలో నిలబడేవాణ్ణి. నోరు తెరిచి అడగలేనని ఆయనకి తెలుసు. "ఏవయ్యా, నోరు మిల్లులో తాకట్టు పెట్టొచ్చావా?" అని, పుస్తకం లాక్కుని చూసేవారు.

రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న పని గురించి కాస్త చెప్పాలి. ఎక్కడో ఊహకందని దూరంలో కాలం తీరిన నక్షత్రాలు రెండు ఢీకొంటే ఆకాశమంతా అలలా కదులుతుందట. ఆ గురుత్వ తరంగాలని భూమ్మీద యంత్రాలు పట్టుకుంటాయి. ఎక్కణ్ణుంచి వచ్చాయో మాత్రం కచ్చితంగా చెప్పలేవు. ఆకాశంలో పెద్ద ముక్కొకటి చూపించి, ఇందులో ఎక్కడో అంటాయి. అప్పుడు అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపులు ఆ ముక్కంతా గాలిస్తాయి, ఢీకొన్న చోట ఎక్స్‌రే వెలుగు కనపడుతుందేమోనని. అది వెంటనే కనపడచ్చు, కొన్నాళ్ళు పోయాక కనపడచ్చు, అసలు మనవైపుకే రాకపోవచ్చు.

అలా వెతికేవాళ్ళలో మాస్టారి శిష్యురాలొకావిడ ఉంది. ఆవిడ పంపిన బొమ్మల్లోని చుక్కల్ని పాత బొమ్మలతో పోల్చి చూడడం ఈయన పని. చుక్క కనపడగానే సంబరపడకూడదు. ఎప్పటినుంచో అక్కడే ఉన్నదైతే అది మనం వెతికేది కాదు. "ముందు పాత బొమ్మ చూడు" అనేవారు, నేను దేనికి కంగారుపడ్డా సరే.

తరంగం కబురు ఫోనులో మోగిన రోజు ఆయనకి అన్నం సయించేది కాదు. "ఎవరో ఎక్కడో గుద్దుకుంటే మా ఇంట్లో పప్పు చల్లారిపోతోంది" అని పిన్నిగారు దెప్పేవారు. చివరికి దాదాపు ఎప్పుడూ ఏమీ దొరికేది కాదు. 'వెతికాం, లేదు' అని రాసి పంపేవారు. "లేదని చెప్పడానికైనా ఒకడు శుభ్రంగా చూడాలయ్యా."

ఆయనకి ఇంకో అలవాటుండేది. సూర్యగ్రహణం రోజున మా వీధిలో అందరూ ఎక్స్‌రే ఫిల్ములు అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూసేవారు. కళ్ళు పోతాయని అరుస్తూ మాస్టారు ఇంటింటికీ తిరిగి అవి లాక్కునేవారు. ఒకసారి ముసలావిడొకతె గేటు దగ్గర నిలబడి, "నా మోకాలు నాకిచ్చెయ్యండి మాస్టారూ" అని గొడవపెట్టుకుంది. "గ్రహణం విడిచాక రా అమ్మా, మోకాలెక్కడికీ పోదు" అన్నారు. ఆవిడ మళ్ళీ రాలేదు. అలా రానివాళ్ళవన్నీ అటకెక్కాయి.

ఆమధ్య ఆయనకి దగ్గు పట్టుకుని వదల్లేదు. డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఊపిరితిత్తి పైభాగంలో ఒక మచ్చ చూపించాడు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మాస్టారికి టీబీ వచ్చి తగ్గింది. "స్కానింగ్ ఎలాగూ తీద్దామండి. ఈలోగా అప్పటి ఫిల్ముంటే వెతకండి. అప్పటి మచ్చే అయితే ఇంత కంగారు అక్కర్లేదు" అన్నాడు. బయటికొచ్చాక మాస్టారు నవ్వారు. "చూశావా, ఈయనా మనవాడే."

అదే వారం ఒక తరంగం కబురొచ్చింది. శిష్యురాలు పంపిన బొమ్మలో ఏ జాబితాలోనూ లేని చుక్క ఉంది. ఆయన ముందుగదిలో దాంతో కూర్చున్నారు. పిన్నిగారూ నేనూ అటక మీది కట్టలు దింపి పక్కగదిలో కూర్చున్నాం. ఒక్కొక్క ఫిల్మూ కిటికీకి పెట్టి చూస్తున్నాను. ఎవరిదో చెయ్యి, ఎవరిదో దవడ. "ఇది ముసలమ్మగారి మోకాలండి" అన్నాను. పిన్నిగారు నవ్వబోయారు. ముందుగదిలో దగ్గు వినపడింది. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

అడుగున ఒక కవరు మీద మాస్టారి పేరుంది. పిన్నిగారు దాన్ని తెరవకుండా నా చేతికిచ్చారు. నేనూ తెరవలేదు. తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"ఉండు, ముందు ఇది కానీ" అన్నారు. చుక్క మీంచి చూపు తిప్పలేదు. కాసేపటికి వెనక్కి వాలారు. "ఎప్పుడో తీసిన బొమ్మలో మసగ్గా ఉంది. పాతదే. ఆ అమ్మాయికి ఫోను చేసి చెప్పు, పాపం ఆశపడుతూ ఉంటుంది."

నేను ఫోను పెట్టేసరికి ఆయన పాతదీ కొత్తదీ రెండు ఫిల్ములూ కిటికీ తీగకి బట్టల క్లిప్పులతో పక్కపక్కన తగిలించారు. పక్కటెముకలు వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి వెళ్ళారు.

"టీబీ మచ్చ రెండింట్లోనూ దాని చోట అది ఉందయ్యా, కింద. పైన ఉన్నది పాతదాంట్లో లేదు. ఇది కొత్తది."

ఆ మాట ఆయన నోట వినాలని ఎన్నేళ్ళనుంచో ఎదురుచూశాను.

"సరిగ్గా చూశారా?" అన్నారు గుమ్మంలోంచి పిన్నిగారు.

"చూశానే."

"ఇంకోసారి చూడండి."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూశారు. ఆవిడ కోసమే చూశారు.

తర్వాత జరిగిందంతా ఆస్పత్రులు. అది రాయను.

ఆయన ఫోనులో ఆకాశం కబుర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. మోగినప్పుడల్లా పిన్నిగారూ నేనూ ఉలిక్కిపడతాం. ఫిల్ములు ఆవిడ తియ్యలేదు, నన్నూ తియ్యనివ్వలేదు. పొద్దున ఎండ వాటి మీదుగా లోపలికొచ్చి, గచ్చు మీద రెండు మసక నీడలు పక్కపక్కన పడతాయి. ఇల్లు ఊడ్చేటప్పుడు పిన్నిగారు వాటి దాకా వచ్చి, చుట్టూ తిరిగి, అవతలనుంచి ఊడుస్తారు.