పార్కింగ్ లాట్‌లో మేడమ్ క్లాసు

గురువారం పొద్దున ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తుంటే మా తెలుగు చర్చి పాస్టర్‌గారు ఫోన్ చేసి, మేడమ్ ఇక లేరని చెప్పారు. కారు పక్కకు ఆపి ఏడ్చాను. ఏడుస్తూనే, శనివారం క్లాసు మాత్రం ఆగకూడదనుకున్నాను.

మేడమ్‌ది రాజమండ్రి వైపు. ఇక్కడ అమెరికాలో యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. శనివారాలు చర్చి హాల్లో మాలాంటివాళ్లకు మాట్లాడటం నేర్పేవారు. చేరిన రోజున ప్రతివారినీ ఒకటే అడిగేవారు: "మీకెలా చెబితే బుర్రకెక్కుద్ది?" చిన్నప్పటి అలవాటు కొద్దీ అందరిదీ ఒకటే జవాబు: మీరు చెప్పండి, మేం వింటాం. "సర్లే, చూద్దాం" అనేసి, ఆవిడ మా చేతులూ కాళ్లూ గమనిస్తూ కూర్చునేవారు.

నేను వంతెనల మీద పీహెచ్‌డీ చేసేటప్పుడు, యూనివర్సిటీ పెట్టే స్పీకింగ్ టెస్ట్ పాసైతేనే జూనియర్లకు పాఠం చెప్పే పని ఇచ్చేవారు. ఆ పని లేకపోతే నా చదువే ఆగిపోతుంది. బట్టీ పట్టి వెళ్లి ఒకసారి బోల్తా కొట్టాను. "మాట తట్టనప్పుడల్లా బల్ల మీద వేలితో గీస్తున్నావేంటమ్మా? లే, బోర్డు దగ్గరికి పో" అని మేడమ్ మార్కర్ చేతిలో పెట్టారు. వంతెన బొమ్మ గీస్తూ మొదలుపెట్టాను. అబ్బ, ఆగితే ఒట్టు!

ఇప్పుడు చదువుకుంటున్న వరంగల్ అమ్మాయి తీరు వేరు. కూర్చుంటే నోరు పెగలదు, కాళ్లు మాత్రం ఊగుతుంటాయి. అందుకని ఆమెను పార్కింగ్ లాట్ చుట్టూ నడుస్తూ మాట్లాడమనేవారు. మోకాళ్ల నొప్పులతో తాను మేపుల్ చెట్టు కింద కారు ఆపుకుని, డోరు తీసి, కాళ్లు బయటపెట్టి కూర్చునేవారు. ఆ పిల్ల అటు వచ్చినప్పుడల్లా "వినపడట్లా! గట్టిగా!" అని ఒకటే కేకలు.

శుక్రవారం ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "అక్కా, రేపు క్లాస్ క్యాన్సిలా? మండే నా టెస్ట్ ఉంది. మేడమ్ లేకుంటే నాతోని కాదక్కా."

"క్లాస్ ఉంది. నువ్వు రా" అన్నాను. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆవిడ ఇన్నేళ్లు నేర్పింది మనం ఇలా ఆపేయడానికా?

శనివారం ఆ పిల్ల తల దించుకుని నడవడం మొదలుపెట్టింది. నేను హాలు గుమ్మంలో నిలబడ్డాను. చెప్పేదాంట్లో సగం నాకు వినపడలేదు. కేక వేద్దామని నోరు తెరిచాను. ఈలోగా ఆమె మేపుల్ చెట్టు దగ్గరికి చేరింది. ఖాళీగా ఉన్న ఆ చోటు వైపు తలెత్తి, ఎవరూ అడక్కుండానే గొంతు పెంచింది.