సూర్ గుట్ట మీద మేనత్త

ముందే ఒప్పుకుంటాను. ఒమన్‌లో నేను చేసిన తెలివితక్కువ పని ఒక్కటే. నీళ్ల ట్యాంకర్ డ్రైవర్‌ని "బావా" అని పిలిచాను. మన వైపు ఎవర్నైనా బావా అంటే మహా అయితే ఒక టీ ఇప్పిస్తాడు. అక్కడ నా బూట్లు స్తంభమెక్కాయి.

మన సైన్యంలో సిగ్నల్స్ హవల్దార్‌గా రిటైరయ్యాను. ఒమన్ సైన్యంలో వైర్‌లెస్ మెకానిక్ కావాలంటే కాంట్రాక్టు మీద వెళ్లాను. అది 1976 వేసవి. సూర్ దాటాక బెడ్‌ఫోర్డ్ లారీ ఒక రాతిగుట్ట పైకెక్కి ఆగింది. ఒక పరుపుచుట్ట, పనిముట్ల పెట్టె, వాటర్ బాటిల్‌తో దిగాను. గాలి కొలిమి తిత్తిలోంచి వచ్చినట్టు ఉంది. ఇసుక బస్తాలు పేర్చిన బంకర్, అందులో వైర్‌లెస్ సెట్. పక్కన ఇనుప యాంటెన్నా స్తంభం. మూడు గుడారాలు, ఒక రేకుల వంటగది. చెట్టు అనేది లేదు. నీడ కావాలంటే మన నీడే.

గేటు దగ్గర బలూచీ సెంట్రీలు. వంటగదిలో కడప నుంచి వచ్చిన మస్తాన్. నన్ను చూడగానే అన్నాడు: "తెలుగోడివేనా అన్నా? బతికిపోయినా! ఈ గుట్ట మీద ఉలవచారు గురించి మాట్లాడేదానికి మనిషి లేక సస్తావుండా."

ఇక మిగిలినవాడు సలీం, నీళ్ల ట్యాంకర్ డ్రైవర్. వాళ్ల తాత ఒమన్ నుంచి ఆఫ్రికాకి వ్యాపారానికి పోయి అక్కడే ఉండిపోయాడు. తండ్రి అరబ్బు, తల్లి రువాండా ఆడపడుచు. కొత్త సుల్తాను వచ్చాక ఒమన్‌లో రోజులు మారాయని విని సలీం వెనక్కి వచ్చాడు. తండ్రి పోయాడు. తల్లిని ఎలాగైనా తెచ్చుకోవాలని వాడి తపన.

రోజుకి రెండు ట్రిప్పుల నీళ్లు తెచ్చి, మిగతా పొద్దంతా నా బంకర్‌లో కూచునేవాడు. బలూచీల దగ్గర నేర్చిన ఉర్దూలో మాట్లాడేవాడు.

"హవల్దార్, నేను చెబుతాను, నువ్వు తిరిగి అను. అమ్మ భాష నాతో అనేవాళ్లు ఇక్కడ ఒక్కరూ లేరు. ఆమె వచ్చేసరికి చుట్టాల్ని ఏమని పిలవాలో మరిచిపోతానేమో."

అలా మొదలైంది నా కిన్యారువాండా చదువు. పాఠ్యాంశం బంధుత్వాలు మాత్రమే. నాన్న 'దాతా'. పిల్లల్ని సాకేవాడు దాత కాక ఇంకేమవుతాడు! ఇది సులువే అనుకున్నాను. కానీ నా నాన్నకి ఒక మాట, నీ నాన్నకి వేరే మాట 'సో', వాడి నాన్నకి ఇంకోటి. అమ్మకీ అంతే.

"ఒక్క మనిషికి ఇన్ని మాటలేందయ్యా?" అని మొత్తుకున్నాను.

"నీ నాన్నా నా నాన్నా ఒక్కడేనా?" అన్నాడు.



కానీ లోపలికి వెళ్లేకొద్దీ అది మన ఇల్లే. నాన్న అన్నదమ్ములూ నాన్నలే. అమ్మ అక్కచెల్లెళ్లూ అమ్మలే. మేనమామ వేరు, ఆయన 'మారుమె'. మేనత్త వేరు, ఆమె 'మసెంగె'. ఇంగ్లీషువాడు అంకుల్, ఆంటీ అని అందర్నీ ఒకే బస్తాలో వేశాడు. వీళ్లు మనలాగే విడివిడిగా మూటలు కట్టుకున్నారు. ఆ సంతోషంలోనే నోరు జారింది.

"భేష్ బావా!"

"బావా అంటే?"

వివరించాను. మేనత్త కొడుకు, మేనమామ కొడుకు, ఎవరైనా కావచ్చు. సలీం కళ్లు మెరిశాయి.

"ఏ వైపు?"

"మీ అమ్మ మా నాన్నకి చెల్లెలనుకో."

"అయితే నువ్వు నాకు ముబ్యారా. ఆలోచించుకునే అన్నావా?"

ఆలోచించడానికి ఏముంది, అన్నాను.

మర్నాడు పొద్దున ఫాలిన్ హాజరుకి నా బూట్లు లేవు. తలెత్తి చూస్తే యాంటెన్నా స్తంభం చివర వేలాడుతున్నాయి. ముబ్యారాని ఎంతైనా ఏడిపించవచ్చట, అవతలివాడు కోప్పడకూడదట, అది వాళ్ల ఆచారం. మనకీ అదే ఆచారం కాబట్టి నోరెత్తలేకపోయాను. టీలో ఉప్పు. టోపీలో మేకపెంటికలు. మస్తాన్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "నువ్వే గదన్నా సుట్టరికం కలుపుకునింది! అనుబగించు."

మరుసటి చలికాలం తల్లికి కాగితాలు వచ్చాయి. మస్కట్‌లో విమానం దిగి, మా సామాన్ల లారీలో వస్తుందని కబురు. సలీం గడ్డం గీసుకున్నాడు, చొక్కా ఇస్త్రీ చేయించాడు. అంతకుముందు ఒక్క ట్రిప్పు నీళ్లు తెచ్చేస్తానని వాదీ, అంటే ఎండిన ఏరు, దాటి బావికి పోయాడు.

ఎక్కడో కొండల్లో వాన పడింది. గంటలో వాదీ నిండా ఎర్రనీళ్లు. సెంట్రీ దుర్భిణీలో చూసి అరిచాడు. "ట్యాంకర్ అవతలి గట్టున ఉంది! డ్రైవర్ బానెట్ మీద కూచున్నాడు!" ట్యాంకర్‌లో వైర్‌లెస్ సెట్ ఉండదు.

మధ్యాహ్నం మూడింటికి ఇవతలి దారిన లారీ వచ్చింది. క్యాబిన్‌లో ఒక పొడవాటి ఆవిడ. తెల్లటి బట్ట భుజాన ముడివేసి, ఒళ్లో అల్లికబుట్ట పెట్టుకుని కూచుంది. చుట్టూ చూసింది. కొడుకు లేడు. దిగలేదు.

సెంట్రీ అరబ్బీలో చెప్పాడు, లారీ డ్రైవర్ ఉర్దూలో చెప్పాడు. ఆమెకి తన భాష తప్ప మరొకటి సరిగా రాదు. వీళ్లు తప్పు చోటికి తెచ్చారని ఆమె నమ్మకం. మంచినీళ్లిస్తే తల తిప్పుకుంది. ఖర్జూరాలు ముట్టలేదు.

లారీ డ్రైవర్ అన్నాడు. "నాలుగున్నరకి నేను కదలాలి భాయ్. దిగకపోతే మస్కట్ తీసుకుపోయి ఆఫీసులో అప్పజెబుతా."

అక్కడ ఆమెకి ఎవరున్నారు? అవతలి గట్టున కొడుకు బానెట్ మీద నించుని చేతులూపుతున్నాడు. ఈ దూరానికి ఉత్త కంటికి అది మనిషో చొక్కానో తెలియదు.

మస్తాన్ వచ్చాడు. "ఆయమ్మ దిగేటట్టు లేదన్నా."

నాకు ఉన్నవి ఓ ముప్పై మాటలు. అన్నీ చుట్టాలే, క్రియాపదం ఒక్కటి లేదు. చుట్టాలతో వాక్యం ఎలా కట్టాలి? అప్పుడు తోచింది. మాటలు చాలకపోతే మర్యాద ఉంది. ఆడపడుచు వస్తే మా ఇంట్లో ముందు ఏం చేస్తారు?

"మస్తాన్, చెంబుతో నీళ్లు తే. కాళ్లకి."

"కాళ్లకా! ట్యాంకర్ ఆపక్క ఉండాది, తాగేదానికే కొలిచి పోస్తావుండా!"

"నా వాటా తే. రేపు గడ్డం గీసుకోను."

క్యాబిన్ మెట్టు కింద చెంబు పెట్టి, పక్కకు జరిగి, చేతులు కట్టుకుని నించున్నాను. నా గుండెల మీద చెయ్యి వేసుకున్నాను. "సలీం, ముబ్యారా." ఆమె వైపు చెయ్యి చాపాను. "మసెంగె."

ఆమె నన్ను మీసం నుంచి బూట్ల దాకా చూసింది. ఏదో పెద్ద ప్రశ్న వేసింది. అందులో నాకు దొరికింది ఒక్క ముక్క: 'సో'. నీ నాన్న. నేను ఆమెకి మేనల్లుడినైతే మా నాన్న ఆమెకి అన్న కదా, ఆ అన్న ఏడీ అంటోంది!

సముద్రం వైపు తూర్పుగా చూపించాను. "దాతా... ఇండియా."

ఇండియాలో తనకో అన్న ఉన్నాడన్న సంగతి ఆమెకి ఆ క్షణమే తెలిసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. భుజాలు ఊగేలా నవ్వింది. చెప్పులు విప్పి, మెట్టు మీద కాళ్లు కడుక్కుని, దిగింది. బుట్ట నా చేతికిచ్చింది, మోయాల్సింది నేనే అన్నట్టు.

సాయంత్రం సెట్‌లో సూర్ నుంచి కెప్టెన్ పిలిచాడు.

"గేటు దగ్గర ఎవరో స్త్రీ అట. ఎవరి తాలూకు? ఓవర్."

"డ్రైవర్ తల్లి సర్. నాకు మేనత్త. ఓవర్."



"హవల్దార్, నువ్వు ఆ గుట్ట మీద ఎక్కువ రోజులున్నావు. ఆమెకి భోజనం పెట్టండి. అవుట్."

మర్నాడు పొద్దున వాదీలో నీళ్లు తీశాయి. సలీం మెడలో బూట్లు వేలాడేసుకుని మోకాటి లోతు బురదలో నడిచొచ్చాడు. తల్లి వాడి మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. మేమందరం చేతికి దొరికిన పనేదో చేసుకున్నాం.

తర్వాత సూర్‌లో రూమ్ తీసుకున్నారు. శుక్రవారం శుక్రవారం ఆమె పప్పూ అరటికాయా వండి పంపేది. నా గిన్నె పెద్దది. సలీం గొడవపడితే, నేను అన్న కొడుకునని కసిరేది. వాడు మాత్రం నా టీలో ఉప్పు మానలేదు.

కాంట్రాక్టు ముగిసిన రోజు ఆమె వీడ్కోలు చెప్పడానికి గుట్టకి వచ్చింది. సలీం బంకర్‌లో కునుకు తీస్తున్నాడు, బూట్లు విప్పి. స్తంభం వైపు చూపించి, చేతుల్తో సైగ చేశాను. ఆమెకి అర్థమైంది. లోపలికి పోయి ఆ బూట్లు పట్టుకొచ్చి నా చేతిలో పెట్టింది సాక్షాత్తూ వాడి తల్లే. నలభై దాటిన ఒళ్లు, ముందుకొచ్చిన పొట్ట, అయినా ఎక్కాను. లేసులు గట్టిగా సైనిక ముడి వేసి దిగాను.

నన్ను తీసుకుపోయే లారీ కదిలింది. ఇంటికొచ్చి ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ దారిలో ఏ టవర్ కనిపించినా నా చూపు ముందు దాని కొసకే పోతుంది. అక్కడ ఒక జత బూట్లు గాలికి ఊగుతుంటాయి. కింద కాలే రాళ్ల మీద ఒకడు ఒంటికాలితో గెంతుతూ "ముబ్యారా!" అని లారీ వెనక అరుస్తుంటాడు. పక్కన మా మేనత్త, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా.