టీసీగారి పచ్చిక

రైళ్లలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం నుంచి రిటైరైనా, టీసీగారి అనుమానపు చూపు మాత్రం రిటైరవలేదు. పెరట్లో వాలిన పిచ్చుకని కూడా టికెట్ లేకుండా ఎక్కినదానిలాగే చూస్తారు. పక్కింటి మాస్టారి చెట్టు నీడ పడేచోట ఆయన పచ్చికకి బట్టతల వచ్చింది. ఆకులు రాలే కాలం రాగానే ఆ ఆకులన్నీ ఊడ్చి, మట్టి గుల్లచేసి, నీడకి ఓర్చుకునే రకం విత్తనాలు చల్లి, చుట్టూ తాడు కట్టారు. చలి ముదిరేలోపు వేళ్లూనుకోకపోతే శ్రమంతా మట్టిపాలే. మొలకలైతే వచ్చాయి గానీ, వచ్చినవి వచ్చినట్టే నేలకి అణిగిపోతున్నాయి.

"ఎవడో తొక్కుతున్నాడే," అన్నారు భార్యతో, గోడవైపు కళ్లెగరేసి.

"మాస్టారా? కూర్చుంటే లేవడానికే ఆయనకి ఇద్దరు సాయం పట్టాలి. గోడ దూకుతారా?" అందావిడ.

అయినా టీసీగారు మాస్టారితో మాటలు మానేసి, ఒక సాయంత్రం మొలకల మధ్య పిండి చల్లారు. తెల్లారి లేచి, రోజూలాగే నోట్లో బ్రష్షుతో తాడు దాటి, మొలకలన్నిటినీ వంగి వంగి పరామర్శించి, ఆనక లోపలికెళ్లి కళ్లజోడు పెట్టుకొచ్చారు. పిండి నిండా అడుగులే!

ఆవిడ ఆయన కాలి చెప్పు ఊడదీయించి ఒక అచ్చులో పెట్టింది. అరిగిన మడమతో సహా సరిపోయింది.

టీసీగారు గొంతు తగ్గించారు. "చూశావా? నా చెప్పులే వేసుకొచ్చాడు!"

ఆ రోజే చెప్పులు బీరువాలోకెళ్లాయి. ఉత్తకాళ్లతో తడిమట్టి తొక్కడం పడక టీసీగారు గుమ్మంలోంచే చూస్తున్నారు. గడ్డి ఒత్తుగా లేచింది. మాస్టారిని మళ్లీ పలకరిస్తున్నారు గానీ, ముఖం చూసి కాదు, కాళ్లు చూసి.