మిల్లు సైరన్ వినబడని చోట

దెయ్యాలంటే నాకు భయం లేదు, విసుగు. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. మొండికేసిన ప్రతి సిస్టం వెనకా ఒక లూజు కాంటాక్టో, వైరస్సో, వాడినవాడి తెలివితక్కువ పనో దొరికింది తప్ప ఇన్నేళ్లలో ఇంకేమీ దొరకలేదు. అయినా ఇది రాస్తున్నానంటే, చదివినవాళ్లలో ఎవరైనా "ఓరి వెర్రివాడా, కారణం ఇదీ" అని చెబుతారేమోనని ఆశ.

మా అమ్మ, చెల్లెలు కుమారి నెల్లిమర్లలో ఉంటారు. నాన్న అక్కడి జూట్ మిల్లులో మగ్గాల మీద పనిచేసేవారు. రెండేళ్ల క్రితం పోయారు. ఆయన లోకమంతా మిల్లు సైరనే. తినడం, పడుకోవడం, నన్ను తిట్టడం కూడా దాని ప్రకారమే. ఇంటికి కొత్త మిషను ఏది వచ్చినా, మిక్సీ అయినా సరే, దసరాకి మగ్గాలకి పెట్టినట్టు పసుపు బొట్టు పెట్టించేవారు. బొట్టు పెట్టాక కూడా సైరన్ కొట్టేదాకా స్విచ్ వేయనిచ్చేవారు కాదు. షిఫ్టు మొదలవకుండా మిషను ముట్టుకోవడం ఆయన దృష్టిలో తప్పు.

నాన్న పోయాక కుమారి పిల్లలకి ట్యూషన్లు చెబుతూ ఉద్యోగం కోసం తిరిగింది. అన్నిచోట్లా చివరిదాకా వచ్చి పోయేది. ఈసారి ఒక కంపెనీ ఆఖరి ఇంటర్వ్యూకి పిలిచింది. ఇంటి నుంచి చేసే పని, అమ్మని ఒంటరిగా వదలక్కర్లేదు. దాని దగ్గరున్నది నా పాత లాప్‌టాప్. ఆన్ చేస్తే తెరుచుకునే లోపు టీ పెట్టుకుని తాగేయొచ్చు. అందుకని పాత హార్డ్ డిస్క్ తీసేసి, దానికంటే వేగంగా పనిచేసే కొత్త ఎస్‌ఎస్‌డీ వేద్దామని నేనే తీసుకెళ్లాను.

నేను స్నానానికి వెళ్లొచ్చేసరికి అమ్మ ఆ ఎస్‌ఎస్‌డీకి బొట్టు పెట్టేసింది. అదీ ఎక్కడ? సరిగ్గా బంగారు రంగులో మెరిసే కాంటాక్టుల మీద.

"మెరిసే వైపే దాని మొగం అనుకున్నాన్రా," అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రబ్బరుతో తుడిచి బిగించాను. విండోస్ చక్కగా ఎక్కింది.

నేను శ్రీకాకుళం చేరేలోపే ఫోను. నల్లటి తెర మీద 'బూట్ డివైస్ దొరకలేదు' అని వస్తోందట. మర్నాడు దానంతటది బాగైంది. మళ్లీ సాయంత్రం అదే గొడవ.

పసుపే అనుకున్నాను. మళ్లీ వెళ్లి స్పిరిట్‌తో కడిగాను. సెట్టింగులన్నీ మార్చాను. విండోస్ మళ్లీ వేశాను. ఆ ఎస్‌ఎస్‌డీని ల్యాబుకి తెచ్చి వేరే సిస్టంలో పెడితే ఎన్నిసార్లయినా లేచింది. ల్యాబులో ఇంకో ఎస్‌ఎస్‌డీ తెచ్చి ఈ లాప్‌టాప్‌లో పెడితే అదీ లేచింది, కానీ అది కాలేజీ సొత్తు, ఉంచేసుకోలేను. మా ఎస్‌ఎస్‌డీ, ఈ లాప్‌టాప్ కలిస్తేనే మొండితనం.

అప్పుడు కుమారి ఫోనులో, "అన్నయ్యా, తిట్టకు. మిల్లు సైరన్ కొట్టాకే ఇది లెగుస్తన్నాది," అంది.

తిట్టాను. షిఫ్టు మారేటప్పుడు మిల్లు మిషన్ల వల్ల లైన్లో వోల్టేజీ మారుతుందని పెద్ద క్లాసు పీకాను.

"మరి సార్జరు పీకేసి సూసినా అంతే కదా?" అంది. ఫోన్ పెట్టేశాను.

ఆ వారం వెళ్లి కళ్లారా చూశాను. ఛార్జరు తీసేసి ఎంతసేపు నొక్కినా నల్లటి తెరే. సైరన్ మొదలైంది. నొక్కాను. లేచింది. పైకి మాత్రం "ఎర్తింగ్ ప్రాబ్లం" అన్నాను.

అది లేచి ఉండగానే ఇంటర్వ్యూ సాఫ్ట్‌వేర్ వేసి, ఆ లాప్‌టాప్‌నే కంపెనీ దగ్గర రిజిస్టర్ చేశాం. ఇక ఆ లాప్‌టాప్ మీద తప్ప ఇంటర్వ్యూ కుదరదు. సైరన్ పిచ్చి వదలాలంటే సైరన్ లేని చోటికి పోవడమే మందు అనుకున్నాను. కుమారిని, లాప్‌టాప్‌ని శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో నా అద్దె ఇంటికి తెచ్చాను. ఆపకుండా స్లీప్‌లో పెట్టి తెచ్చినా, బస్సులోనే పాత బ్యాటరీ చచ్చింది.

ఇంటికొచ్చి ఛార్జరు పెట్టినా ఇక అది లేవలేదు. ఆ సాయంత్రం లేదు, మర్నాడు పొద్దున్నా లేదు. ఇంటర్వ్యూ టైము దగ్గర పడుతోంది. కుమారి తయారై, జడ వేసుకుని, నల్లటి తెరకెదురుగా కూర్చుంది. వెనక మూత విప్పుదామని స్క్రూడ్రైవర్ తీశాను.

"వద్దన్నయ్యా. దాన్ని ముట్టుకోకు. కూత కొడితే అదే లెగుస్తాది."

"ఇక్కడ కూత ఎవడు కొడతాడే?" అని అరిచాను. దాని మీద నేనెప్పుడూ అంత గట్టిగా అరవలేదు.

అప్పుడే తెర వెలిగింది.

బటన్ నేను నొక్కలేదు. కుమారి చేతులు ఒళ్లో ఉన్నాయి. ఏమో, నా మోచెయ్యి తగిలిందేమోనని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

నేను కెమెరాకి కనబడకుండా గుమ్మంలో నిలబడ్డాను. ఇంటర్వ్యూ చేసేవారిలో ఒక మేడం తెలుగామె. నమస్కారాలయ్యాక ఆవిడ ఆగి, "అమ్మా, మీ దగ్గర ఏదో ఫ్యాక్టరీ సైరన్ మోగుతోంది. అది ఆగాక మొదలుపెడదాం," అన్నారు.

నాకు ఏ సైరనూ వినబడలేదు. వీధిలో ఆటోల హారన్లు, అంతే. కుమారి నా వైపు చూడలేదు. తల కొంచెం వంచుకుని కూర్చుంది.

"ఆ, ఆగిపోయింది. దగ్గర్లో ఫ్యాక్టరీ ఉందా?" అన్నారావిడ.

"మా నాన్నగారు మిల్లులో పనిచేసేవారండి," అంది కుమారి. అంతకుముందు ఏ ఇంటర్వ్యూలోనూ దాని గొంతు అంత స్థిరంగా లేదు.

నేను డాబా మీదికి పరుగెత్తాను. వడియాలు పెడుతున్న ఇంటి ఓనరుగారిని అడిగితే సైరన్ ఏమిటి బాబూ అన్నారు. అమ్మకి ఫోన్ చేశాను, ఇప్పుడు మిల్లు సైరన్ కొట్టిందా అని.

"ఈ రోజు మిల్లుకి సెలవురా. సైరనేటి?"

జరిగింది చెప్పాను. 

"సెలవు రోజైనా మీ నాన్న ఇంటికాడ కుదురుగా ఎప్పుడున్నాడు గనక," అంది అమ్మ.

కుమారికి ఉద్యోగం వచ్చింది. ఆ రోజు నుంచి లాప్‌టాప్ ఎప్పుడు నొక్కితే అప్పుడు లేస్తోంది. మైకులో ఏదో గోల అయి ఉండొచ్చు, కాంటాక్టు దానంతటదే సర్దుకుని ఉండొచ్చు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కటీ నిలబడలేదు.

అసలు కారణం తెలిసినవాళ్లుంటే నాకు చెప్పండి. మా అమ్మకి మాత్రం చెప్పకండి.