దీవి నీళ్ళ మీద పడ్డ నింద

1983 చలికాలంలో నన్ను అబుదాబిలోని ఇంటిపని నుంచి సముద్రపు ఒడ్డునున్న రువైస్‌లో ఒక కంపెనీ గెస్ట్‌హౌస్ వంటకు మార్చారు. నేను చదివింది మూడో తరగతి. అయినా అక్కడ నాకు పైన ఉన్నది క్యాంప్‌బాస్ ఒక్కడే. సరుకులు అతను ఇచ్చేవాడు, పొయ్యి దగ్గర మాట నాది. నూనె కొలిచి పోసేదాన్ని. అన్నం పారేస్తే ఇంజనీరైనా సరే, నా చేత నాలుగు మాటలు పడేవాడు.

అక్కడ లిన్ గారని ఒక చైనా పెద్దాయన ఉండేవారు. గంధకం పనిలో నిపుణుడు. ఎండలు ముదిరేలోపు కాంట్రాక్టు ముగించుకుని శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోవాల్సిన మనిషి. గల్ఫ్‌లో చాలా ఏళ్ళు పనిచేశారు కాబట్టి క్యాంపు హిందీ వచ్చు. నాకు వచ్చిందీ ఆ హిందీయే.

ఆయన దగ్గర ఒక పాత పుస్తకం ఉండేది. మూడు వందల ఏళ్ళ కిందట ఒక చైనా ఆయన సముద్రం దాటి, అప్పటికి రాజ్యం అంచున ఉన్న ఒక దీవికి గంధకం కోసం వెళ్ళి, రోజూ రాసుకున్నదట అది. ఆ దీవే లిన్ గారి జన్మస్థలం. టీ తాగుతూ ఆ కథ చెప్పేవారు. మందుగుండుకు గంధకం కావాలి. అందరూ వెనకాడితే ఆయన తానే వెళతానన్నాడు. దీవిలో జనానికి బట్టలిచ్చి గంధకపు మట్టి తెప్పించుకున్నాడు. పెద్ద మూకుళ్ళలో నూనె పోసి కరిగించాడు. ఈలోపు పనివాళ్ళు ఒక్కొక్కరే జబ్బుపడ్డారు, వంటవాళ్ళతో సహా.

"వంటవాళ్ళే పడకేస్తే మిగతావాళ్ళకి ఎవరు వండిపెట్టారండీ?" అని అడిగాను.

ఎవరూ పెట్టలేదన్నారు. ఆ దీవి నీళ్ళు, నేల మంచివి కావని, జబ్బులు అందుకేనని ఆయన రాశాడట. లిన్ గారికి ఆ మాట మీద గట్టి నమ్మకం.

ఆ చోట ఇప్పుడు హోటళ్ళు లేచాయట. అందుకే, ఆ పాతకాలపు ఆయన చూసినట్టుగా ఎవరూ ముట్టని గంధకపు గుంటను ఇంకెక్కడైనా ఒక్కసారి చూసి, తానూ ఒక పుస్తకంలో రాసుకోవాలని లిన్ గారి కోరిక. రువైస్‌కు ఎదురుగా సముద్రంలో ఒక చిన్న దీవి, దాని కొండ వెనక అలాంటి గుంట ఉందని విన్నారు. బతిమాలగా బతిమాలగా కంపెనీ ఒకే ఒక్క రోజుకు పడవ ఇచ్చింది.

దీవిలో వంట పెట్టవద్దు, వండినదే పట్టుకెళతామన్నారు. నేను పులిహోర చేశాను. చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఉడికించి, ఆరబెట్టిన అన్నంలో తడి తగలకుండా కలిపితే మర్నాటికి ఇంకా బాగుంటుంది. సాయంత్రమే పింగాణీ పూత గిన్నెకు ఎత్తి మూతపెట్టాను.

తోడు వెళ్ళాల్సినవాడు పికప్ డ్రైవర్ రాజన్న, జగిత్యాల వైపు మనిషి. వాసనకి వంటింట్లోకి వచ్చాడు. "ఏందక్కా, చైనా సారుకు పులిహోర, మాకు రోజూ నీళ్ళ పప్పేనా?"

"మొన్న కంచంలో వదిలేసిన పప్పు ఎవడిదిరా? ముందు అది తిని, తర్వాత అడుగు" అన్నాను. నవ్వుకుంటూ పోయాడు. నేను గదికి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దు వాలకముందే పడవ వెనక్కి వచ్చేసిందంటే రేవుకు వెళ్ళాను. లిన్ గారిని ఇద్దరు పట్టుకుని దించారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. రాజన్న కూడా కడుపు పట్టుకుని నడిచాడు. దీవిలో దిగగానే బావి నీళ్ళు తాగారట, పులిహోర తిన్నారట, కొండ ఎక్కడం మొదలుపెట్టేలోపే ఇద్దరికీ వాంతులు. గుంట ఆ కొండ అవతలే ఉంది. లిన్ గారు బావి వైపు చేయి చూపించి, "నీళ్ళు, నీళ్ళు. పుస్తకంలో ఉన్నట్టే" అన్నారట.

నఖుదా, అంటే పడవ నడిపే పెద్ద, రేవులోనే మండిపడ్డాడు. అవే నీళ్ళు తానూ తాగానని, తన తాతలు తాగిన బావి అని అరిచాడు. అతను తిన్నది మాత్రం తన చేప, తన రొట్టె. అది వినగానే నాకు అనుమానం వచ్చింది. గిన్నె తెమ్మన్నాను.

రాజన్న తెచ్చింది నా గిన్నె కాదు. వాళ్ళమ్మ కోసం అబుదాబి సూక్‌లో, అంటే బజారులో, కొన్న కొత్త ఇత్తడి గుండిగ. లోపల కళాయి లేదు, అంచంతా పచ్చగా కిలుము.

"నా గిన్నె ఏదిరా?"

"దానికి పెంకులు రాలినయ్ అక్కా. అంత పెద్దమనిషి ముందల గసొంటిది పెడ్తే మన ఇజ్జత్ ఏం గావాలె? రాత్రే మార్చిన."

మన ఇళ్ళలో కళాయి వేసేవాడు వచ్చి లోపల తగరం పూత పూసేదాకా కొత్త ఇత్తడిలో పులుపు పెట్టరు, పెడితే కిలుము దిగి తిండి విషమవుతుంది. రాజన్న ఇత్తడిని అటక మీద మెరుస్తుండగా చూశాడే కానీ అందులో వండి ఎరగడు. మర్యాద చేద్దామనుకున్నాడు. గుండిగ వాడి చేతిలోంచి తీసుకున్నాను.

అప్పటికే లిన్ గారిని అబుదాబి ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను క్యాంప్‌బాస్‌కు గుండిగ చూపించి, సంగతి లిన్ గారికి చెప్పమన్నాను. "నీళ్ళని రిపోర్ట్ పోయింది. ముసలాయన బతికాడు. ఖలాస్. రాజన్న వీసా పోగొట్టాలని ఉందా నీకు?" అన్నాడు. రాజన్న వీసా పోవాలని నాకూ లేదు. లిన్ గారు కోలుకున్నాక అక్కడి నుంచే స్వదేశానికి విమానం ఎక్కించారు. చిరునామా కోసం ఆఫీసుకు వెళితే వంటింటి వాళ్ళకు ఇవ్వకూడదన్నారు. రేవులో ఆ బావి నీళ్ళు తాగవద్దని బోర్డు పెట్టారు. నఖుదా ఆ తర్వాత మా వాళ్ళను ఆ దీవికి ఎక్కించుకోలేదు.

లిన్ గారు గుంట చూడకుండానే వెళ్ళారు. ఆయన రాసుకున్న దాంట్లో ఆ నీళ్ళు చెడ్డవనే ఉండి ఉంటుంది.

ఆ తర్వాత నేను వంటింట్లో ఉన్నన్నాళ్ళూ, బయటికి వెళ్ళే గిన్నెను బండి ఎక్కేముందు మూత తీసి చూసి పంపాను. రెండో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. జరిగిన పొరపాటును పైవాడికి చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. అది ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో ఆ మనిషికి నిజం చేరాలి. చేరే దారి మూసుకుపోకముందే చేరాలి.