మా డాక్టరుగారి ఆపరేషన్ బల్ల

మా డాక్టరుగారికి ఒక జబ్బుంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా సరే, పోస్టుమాన్ అయినా, పాలవాడైనా, అడ్రసు అడగడానికి వచ్చినవాడైనా, చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళి "ఒక్కసారి ఆ బల్ల మీద పడుకోండి" అంటారు. రోగిని పడుకోమనడం డాక్టరు పని. గుండ్రాయిలా ఉన్నవాళ్ళని పడుకోబెట్టడం ఏం పనో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. నేను ఆ క్లినిక్‌లో గుమస్తాని. బిల్లులు రాయడం, ఇన్సూరెన్సు వాళ్ళతో ఫోన్లో పోట్లాడటం నా ఉద్యోగం.

ఇదంతా కుట్టుమిషన్ అక్కయ్యతో మొదలైంది. క్లినిక్ వెనక సందులో బట్టలు కుట్టి ఇల్లు నడిపే మనిషి. కుడి మణికట్టులో నరం నొక్కుకుపోయి వేళ్ళు మొద్దుబారాయి. చిన్న ఆపరేషన్‌తో పోతుంది కానీ, ఆలస్యం చేస్తే ఆ చేత్తో ఇక సూది పట్టుకోవడం కల్ల. సరే అని పెద్దాసుపత్రిలో చేర్పించారు. థియేటర్ తలుపులు తెరుచుకున్నాయో లేదో, అక్కయ్య స్ట్రెచర్ మీంచి దూకి, ఆసుపత్రి గౌనుతోనే ఆటో ఎక్కి ఇంటికొచ్చేసింది. "చెయ్యి పోతే పోయింది, ప్రాణం మిగిలింది, అదే పదివేలు" అని తలుపేసుకుంది.

"అయితే మన దగ్గరే చేద్దాంలే" అన్నారు డాక్టరుగారు. పాత సామాన్ల గది ఖాళీ చేయించి బల్ల, పెద్ద లైటు, ఆక్సిజన్, కత్తులూ కత్తెరలూ ఆవిరిలో ఉడికించే యంత్రం తెప్పించారు. నేను అక్కయ్య ఇన్సూరెన్సు కంపెనీకి ఫోన్ చేశాను.

"ఆపరేషన్ ఆసుపత్రిలోనా, డాక్టరు గదిలోనా?"

"గదిలోనండి."

"అయితే డాక్టరు ఫీజు ఇస్తాం. గదికీ, సామాన్లకీ పైసా ఇవ్వం."

"ఆసుపత్రిలో అయితే ఇంతకు మూడింతలు ఇస్తారుగా?"

"సంతోషంగా ఇస్తాం."

"ఇక్కడ తక్కువలో అయిపోతుంటే ఇవ్వరా?"

"మా ఆఫీసరు వచ్చి ఆ గదికి గుర్తింపు ఇస్తే అప్పుడు చూద్దాం."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. ఊరికే చేస్తామంటే అక్కయ్యకు పౌరుషం. పైగా ఆ గది కోసం తెచ్చిన బ్యాంకు అప్పు మా నెత్తిన కూర్చుని ఉంది. కాబట్టి ఆ చెయ్యి దక్కాలంటే గదికి గుర్తింపు రావాలి, అక్కయ్యకు ధైర్యం రావాలి. రెండూ వచ్చేలా కనిపించలేదు.

ఈలోగా డాక్టరుగారు వెనక సందులోంచి ఎలక్ట్రీషియన్ని పిలిచారు. బజార్లో ఇంతకంటే పనిమంతులున్నారని చెప్పినా వినలేదు. అతను లైటు బిగించి కిందికి దిగాడు.

"ఒక్కసారి పడుకో."

"నాకేం కాలేదు సార్!"

"నీకు కాలేదోయ్, లైటు సంగతి చూసి చెప్పు."

పడుకున్నాడు. "అమ్మో, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి!"

"మరి రోగికి కమ్మవా? పక్కకి జరుపు."

ఏసీ బిగించినవాడు పడుకుని కాళ్ళు గడ్డకట్టాయన్నాడు. రంగులేసినవాడు పడుకుని, పైకప్పు చూసి నవ్వుకుంటూ లేచాడు. గోడకి కన్నాలెందుకు పెట్టారని దెబ్బలాడ్డానికి వచ్చిన ఇంటి ఓనరు కూడా పడుకున్నాడు. పడుకుని గురకపెట్టాడు. డాక్టరుగారు లైటార్పి, మునివేళ్ళ మీద నడిచి బయటికొచ్చారు. ఓనరు లేచి, కన్నాల మాట మరిచిపోయి, "రేపు మా ఆవిడని తీసుకురానా?" అని అడిగాడు.

నాకు ఉండబట్టలేక అడిగేశాను. "ఎందుకండీ ఇదంతా?"

"బల్ల బరువు ఆగుతుందో లేదో చూడొద్దటోయ్?"

ఓనరు శాల్తీ చూస్తే నిజమే అనిపించింది. మర్నాడు గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్న ఒక ముసలావిడని పడుకోబెట్టారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వరస అనుకున్నాను.

చివరికి ఇన్సూరెన్సు ఆఫీసరు వచ్చాడు. మెడలో టై, ముఖంలో కరువు. అన్నీ తిప్పి తిప్పి చూసి, "హఠాత్తుగా ప్రాణం మీదికొస్తే రోగిని ఇక్కణ్ణుంచి ఎలా తరలిస్తారు? ఈ తలుపులోంచి స్ట్రెచర్ పడుతుందా?" అన్నాడు.

ఏం జరగబోతోందో నాకు తెలుసు.

"ఒక్కసారి పడుకోండి."

"నేను ఆఫీసర్నండీ!"

"అందుకే మెత్తటి దిండు వేయించాను."

ముందు డాక్టరుగారు, వెనక నేను. ఆఫీసర్ని బల్ల మీంచి స్ట్రెచర్ మీదికి మార్చి, బెల్టులు కట్టి, తలుపు దాటించి, వెనక సందులోంచి అంబులెన్సు ఆగే చోటుకి పరుగెత్తించాం. సందు సందంతా గుమ్మాల్లోకి వచ్చేసింది.

"అయ్యో, ఏ తల్లి కన్న బిడ్డో! టై కట్టుకుని మరీ పోయాడు!" అని ఒకావిడ కళ్ళొత్తుకుంది.

ఆఫీసరు తలెత్తి, "నేను బతికే ఉన్నానమ్మా! తనిఖీకి వచ్చాను!" అని అరిచాడు.

ఆ అరుపుకి తలుపు తెరిచి చూసిన కుట్టుమిషన్ అక్కయ్య పగలబడి నవ్వింది. ఆవిడ నవ్వగా చూసి చాలా రోజులైంది. ఆఫీసరు దిగి టై సర్దుకుని, "తలుపు సరిపోయింది" అన్నాడు. ఆ వారంలోనే గుర్తింపు వచ్చింది.

వచ్చిన మర్నాడే అక్కయ్య తనంతట తానే గుమ్మంలో నిలబడింది.

"డాక్టరుగారూ, మా సందులో ఆ బల్ల ఎక్కనిదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. లైటు కళ్ళల్లో పడట్లేదని మా మరిది రోజూ చెబుతాడు. ఓనరుగారికి ఇంట్లో కంటే అక్కడే నిద్ర బాగా పట్టిందట. మా అత్తగారు ఊదితే ఎగిరిపోయే మనిషి, 'నేనే పడుకుని లేచొచ్చాను, నీకేం మాయరోగం?' అని దెప్పుతోంది. ఆఖరికి ఆ టై ఆయన కూడా ఎక్కాడు. నేనేం తీసిపోయానా?"

రాస్తున్న కలం ఆగిపోయింది. లైటు బిగించింది అక్కయ్య మరిది, ఎగిరిపోయే ముసలావిడ అక్కయ్య అత్తగారు. పడుకున్నవాళ్ళలో సగానికి పైగా ఆ సందువాళ్ళే. భయం అక్కయ్యదైతే మందు సందంతటికీ వేశాడు మహానుభావుడు! నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది.

"కావాలనే చేశారా?" అని చెవిలో అడిగాను.

"ఛ, ఛ! లైటు చూసుకోవద్దటోయ్?" అన్నారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అక్కయ్య బల్లెక్కింది. చేతికి మత్తిచ్చారు. తర్వాత లోపల్నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఇదేమిటండీ, పైకప్పు మీద రంగు గీత అంత వంకరగా ఉంది! ఇంతమంది పడుకున్నారు, ఒక్కరికీ కళ్ళు లేవా? ఏ మహానుభావుడు వేశాడు దీన్ని?"

"మీ సందువాడేనమ్మా."

"వాడా! వాడి చొక్కాకి గుండీలు కుట్టిచ్చినందుకు ఇంతవరకూ..." అంటూ వాడి బద్ధకం, వాడి బాకీ, వాడి మీసం వరుసపెట్టి ఏకిపారేసింది.

"అయిపోయిందమ్మా, లేవొచ్చు" అన్నారు డాక్టరుగారు.

"అప్పుడేనా? ఇంకా వాడి తమ్ముడి సంగతి చెప్పనేలేదు!"

ఇన్సూరెన్సు డబ్బు గది ఖర్చుతో సహా వచ్చింది. కుట్టుమిషన్ చప్పుడు కూడా మళ్ళీ మొదలైంది. నేను బ్యాంకు వాయిదా కట్టొచ్చి, "పైన ఆ గీత తిన్నగా వేయించమంటారా?" అని అడిగాను.

"వద్దోయ్" అన్నారు డాక్టరుగారు. "రేపు వచ్చేవాళ్ళకి తిట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా."